మాస్టార్ని అడగండి: మాస్కో రాయబారి పెళ్ళిచూపులకి వెళ్తే

పోయిన నెల మన పల్లెల్లో తెల్లారేదాకా ఆడే రాయబారం నాటకాల మీద రాస్తూ మధ్యలో ఊరికే ఒక మాట అనేశా, పాతకాలం రష్యా రాయబారులకి వెళ్ళిన పని ఒకటీ, అసలు పని ఇంకోటీ ఉండేది అని. అంతే ఇక. పద్యాల గురించి అడిగినవాళ్ళు ఇద్దరే, రష్యా గురించి మాత్రం ఫోన్ నిండిపోయింది. సరే కానివ్వండి, ఈ నెల కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా, పద్యాలవాళ్ళు నన్ను తిట్టుకోకండి.

ప్రశ్న (గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక డిగ్రీ కుర్రాడు): మాస్టారూ, అప్పట్లో రష్యాకి గూఢచారి డిపార్ట్‌మెంట్ లాంటిది ఏమైనా ఉండేదా? ఆ రాయబారులకి అక్కడి భాష రాదు, మనుషులు తెలీదు, మరి వెళ్ళి ఏం తెలుసుకునేవాళ్ళు, ఎలా తెలుసుకునేవాళ్ళు?

జవాబు: నాన్నా, నీది గుంటూరు కాబట్టి మిర్చి యార్డ్‌తోనే చెప్తా. సీజన్లో తెల్లారకుండా యార్డ్‌కి వచ్చే వ్యాపారి ఎవడూ బోర్డు చూసి బేరం చెయ్యడు. ఇవాళ ఎన్ని టిక్కీలు దిగాయో హమాలీని అడుగుతాడు, ఏ ఊర్నుంచి సరుకు వస్తోందో లారీ డ్రైవర్ని అడుగుతాడు, కోల్డ్ స్టోరేజ్ వాచ్‌మన్‌తో టీ తాగుతాడు, కమీషన్ కొట్టు గుమాస్తా మొహం చూస్తాడు, ఇవన్నీ కలిపి మనసులో లెక్క కట్టుకుని అప్పుడు నోరు తెరుస్తాడు. మాస్కోవాళ్ళు చేసింది ఇంచుమించు ఇదే, కాకపోతే వాళ్ళకి యార్డ్ అంటే లండన్, వార్సా, ఇస్తాంబుల్.

విడిగా గూఢచారి శాఖ అంటూ లేదు. విదేశీ వ్యవహారాలకి ఒక ఆఫీసు ఉండేది, పోసొల్స్కీ ప్రికాజ్ అంటారు, మన మాటల్లో రాయబారాల కచేరీ అనుకో. 1549 నుంచి లెక్కేస్తారు, అంటే భయంకర ఇవాన్ అని మనం పుస్తకాల్లో చదివే ఆ జార్ రోజులు. దాన్ని మొదట నడిపిన ఇవాన్ విస్కొవాతీ చాలా సమర్థుడు, 1570లో ఆ జారే అతన్ని మాస్కోలో నలుగురి ఎదుటా చంపించాడు, ఆ ఉద్యోగంలో సమర్థతకి అదీ గ్యారంటీ. పరాయి దేశంలో ఏళ్ళ తరబడి కూర్చునే ఎంబసీలు అప్పటికి వాళ్ళకి లేవు. పని పడ్డప్పుడు మనుషుల్ని పంపడం, వాళ్ళు తిరిగొచ్చాక మొత్తం కాగితం మీద పెట్టించుకోవడం. పని పెద్దదైతే మహా రాయబారి, కాస్త తక్కువైతే దూత, ఉత్తరం ఇచ్చి రావడమే అయితే హర్కారా, ఇలా మూడు అంతస్తులు.

బయల్దేరేముందు చేతికి ఒక పొడుగాటి ఆర్డరు ఇచ్చేవాళ్ళు, దాని పేరు నకాజ్. జార్ ఉత్తరం అక్కడి రాజు చేతికి తప్ప ఇంకెవరి చేతికీ ఇవ్వకూడదు, వేరే దేశం రాయబారి వచ్చిన రోజు దర్బారుకి వెళ్ళకూడదు, విందులో ఇంకొకడి కింద కూర్చోకూడదు, తాగి గొడవలు పడకూడదు, ఇలా సాగుతుంది. ఆ తర్వాత నాకు భలే నచ్చే భాగం: వాళ్ళు ఇలా అడిగితే నువ్వు ఇలా చెప్పు అని ప్రశ్నలూ జవాబులూ ముందే రాసి ఇచ్చేవాళ్ళు, అచ్చం మన ఇంటర్వ్యూ గైడ్లలాగా. ఇవాన్ రోజుల్లో ఒప్రిచ్నినా అని ఒకటి పెట్టి దేశాన్ని రెండు ముక్కలు చేసి జనాన్ని నరికించాడు కదా, దాని గురించి ఎవరైనా అడిగితే మా దగ్గర ఒప్రిచ్నినా అనేదే లేదు అని చెప్పమని ఆర్డరు. అక్కడ యూరప్ అంతా కోడై కూస్తోంది, వీళ్ళు మాత్రం అబ్బే అదేంటండీ మేం విన్లేదే అనాలి!

ఇక అసలు పని. నకాజ్‌లో 'ప్రొవేదత్' అనే మాట మాటిమాటికీ వస్తుంది, మనం ఆరా తియ్యడం అంటామే, సరిగ్గా అదే. ఈ రాజుకి టర్కీ సుల్తానుతో ఎలా ఉంది, పోలండుతో ఎలా ఉంది, ఎవరితో యుద్ధానికి లేస్తున్నాడు, డబ్బుందా, దర్బారులో ఎవరి మాట చెల్లుతుంది, ఇవన్నీ గుట్టుగా కనుక్కుని రమ్మనేవాళ్ళు. ఎవర్ని అడుగుతారంటే, దొరికినవాళ్ళనల్లా. వ్యాపారులు, దుబాసీలు, వెంట ఉండమని అక్కడి రాజు పెట్టిన ఎస్కార్ట్ మనిషి, యుద్ధంలో పట్టుబడి అక్కడే ఉండిపోయిన తమ దేశస్తులు. ఊరికే చెప్పేవాడికి ఊరికే, ఊరికే చెప్పనివాడికి సేబుల్ తోళ్ళు. సైబీరియా అడవుల్లో దొరికే ఆ మెత్తటి బొచ్చుతోళ్ళు కట్టలు కట్టలుగా రాయబారుల వెంట వెళ్ళేవి, జీతమూ అదే, కానుకా అదే, లంచమూ అదే.

ఇంకో దారి వాళ్ళ దగ్గరికే నడిచొచ్చేది. టర్కీ ఏలుబడిలో ఉన్న గ్రీకు సన్యాసులు, బిషప్పులు మాస్కోకి చందాలకి వచ్చేవాళ్ళు, సరిహద్దులో పుతివ్ల్ అనే ఊళ్ళో ఆపి కూర్చోబెట్టి సుల్తాను ఎక్కడున్నాడు సైన్యం ఎటు కదిలింది అని అడిగి రాసుకుని, అప్పుడు వదిలేవాళ్ళు. చందా కావాలంటే కబురు చెప్పాలి మరి.

తిరిగొచ్చాక రాసి ఇచ్చే రిపోర్టుని స్తతేయ్నీ స్పీసొక్ అంటారు. ఫలానా రోజు ఫలానా చోట దిగాం, ఫలానావాడు ఎదురొచ్చాడు, టోపీ తీశాడా తియ్యలేదా, ఎవరు ఏమన్నారు, మేం ఏమన్నాం, అన్నీ వరసగా ఉంటాయి. 1600లో గ్రిగొరీ మికూలిన్ అని ఒకాయన్ని లండన్ పంపితే ఆయన అక్కడుండగానే 1601 ఫిబ్రవరిలో ఎసెక్స్ ప్రభువు ఎలిజబెత్ రాణి మీద తిరగబడ్డాడు, చివరికి అతని తల తీశారు, మన మికూలిన్ ఆ గొడవంతా దగ్గరుండి చూసి రిపోర్టులో పెట్టేశాడు. అదే మనిషి, లండన్ మేయర్ భోజనానికి పిలిస్తే ఆ బల్ల దగ్గర పై పీట మేయర్‌ది కాబట్టి వెళ్ళనన్నాడు. మేయర్ ఇంట్లో భోంచేసి ఉంటే ఇంకెన్ని కబుర్లు దొరికేవో అనిపిస్తుంది నాకు, కానీ పీట దగ్గర దిగజారితే జార్ పరువు పోయినట్టే లెక్క, ఆ రోజుల్లో అది కబురు కంటే పెద్ద విషయం.

ప్రశ్న (విజయవాడ లబ్బీపేట నుంచి ఒక గృహిణి): మా అబ్బాయి చెప్తే నమ్మలేదండీ, ఆ భయంకర ఇవాన్ ఇంగ్లండ్ పిల్లని చేసుకుందామని నిజంగా పెళ్ళిచూపులకి మనిషిని పంపాడా?

జవాబు: పంపాడమ్మా, మీ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. 1582లో ఫ్యొదర్ పీసెమ్‌స్కీ అనే ఆయన్ని ఎలిజబెత్ రాణి దగ్గరికి పంపారు. పైకి చెప్పే పని పోలండు రాజు మీద పొత్తు, లోపలి పని పిల్లని చూసి రావడం. పిల్ల పేరు మేరీ హేస్టింగ్స్, రాణికి చుట్టం, ఆ సంబంధం సంగతి ఇవాన్ చెవిన వేసింది కూడా ఒక ఇంగ్లీషు డాక్టరే. పీసెమ్‌స్కీకి ఇచ్చిన పని చూడండి: పిల్లని కళ్ళారా చూడాలి, మనిషి ఎత్తు కొలత తేవాలి, బొమ్మ గీయించుకుని తేవాలి. మన ఊళ్ళలో పెద్దమ్మలు బావ దగ్గర నిలబెట్టి చూసేవాళ్ళే, జాకెట్ కొలతకని దారం పట్టుకెళ్ళేవాళ్ళే, అదన్నమాట.

అసలు విడ్డూరం ఏంటంటే ఇవాన్‌కి అప్పటికే పెళ్ళాం ఉంది, పైగా కడుపుతో ఉంది. ఆ మాట ఎవరైనా ఎత్తితే ఏం చెప్పాలో కూడా నకాజ్‌లో రాసే ఉంది: ఆవిడ రాచబిడ్డ కాదు, మీ పిల్ల ఖాయమైతే ఆవిడ్ని వదిలేస్తారు. ఇంత మాట ఆడపిల్లవాళ్ళ ఇంటికెళ్ళి మొహం మీద చెప్పే గుండె ఉండాలి.

ఎలిజబెత్ ఏం తక్కువ తిన్లేదు. పిల్లకి అమ్మవారు పోసి తగ్గింది, మొహం ఇంకా బాలేదు అని కొన్నాళ్ళు, మా పిల్ల పెద్ద అందగత్తేం కాదు మీ జార్‌కి నచ్చదేమో అని కొన్నాళ్ళు, అలా నెలలు లాగింది. ఎట్టకేలకు 1583 మే నెలలో లండన్లో ఒక తోటలో, నడుస్తూ ఎదురుపడ్డట్టుగా చూపించారు. పీసెమ్‌స్కీ తన రిపోర్టులో రాసింది ఎంత పొడిగా ఉంటుందో చూడండి: మనిషి పొడుగు, సన్నం, మొహం తెలుపు, కళ్ళు బూడిదరంగు, జుట్టు లేత గోధుమరంగు, ముక్కు సూటి, చేతివేళ్ళు సన్నగా పొడుగ్గా ఉన్నాయి. అంతే. బాగుంది బాలేదు అన్న మాటే లేదు. బాగుందని రాస్తే రేపు జార్‌కి నచ్చకపోతే తన తల పోద్ది, బాలేదని రాస్తే సంబంధం చెడగొట్టాడంటారు, అందుకని వేళ్ళ పొడుగు రాసి ఊరుకున్నాడు.

జెరోమ్ హార్సీ అనే ఇంగ్లీషాయన తన జ్ఞాపకాల్లో ఇదే ముచ్చటని ఇంకోలా రాశాడు, రష్యా రాయబారి ఆ పిల్లని చూడగానే నేలమీద సాగిలపడి, లేచి, వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి పరిగెత్తాడట, ఈ దేవతని చూడ్డమే చాలన్నాడట. ఒకే తోట, ఒకే పిల్ల, రెండు రిపోర్టులు! నా ఓటు పీసెమ్‌స్కీకే, హార్సీకి మసాలా దట్టించే అలవాటుంది. సంబంధం మాత్రం కుదర్లేదు, 1584 మార్చిలో ఇవాన్ పోయాడు, ఆ పిల్ల చివరిదాకా పెళ్ళే చేసుకోలేదు.

ప్రశ్న (విజయవాడ సత్యనారాయణపురం, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి): నేను 34 ఏళ్ళు బ్రాంచిల్లో రిపోర్టులు రాసినవాణ్ణి మాస్టారూ. పైవాళ్ళకి నచ్చేదే కింద నుంచి వెళ్తుందని నాకు బాగా తెలుసు. మరి ఈ రాయబారుల రిపోర్టులు ఏ మాత్రం నమ్మొచ్చు?

జవాబు: అన్నగారూ, మీలాంటి అనుభవజ్ఞుడు ఆ కచేరీలోనే ఒకడున్నాడు. గ్రిగొరీ కొతొషీఖిన్ అని గుమాస్తా. 1660లో ఒక కాగితంలో జార్ బిరుదుల్లో ఒక్క మాట రాయడం మర్చిపోతే కర్రలతో కొట్టించారు అతన్ని. 1663లో మాస్కోలో ఉన్న స్వీడన్ ప్రతినిధికి రహస్యం కాగితాలు అమ్మాడు, 40 రూబుళ్ళు తీసుకున్నాడు. తర్వాతి ఏడు సరిహద్దు దాటి పారిపోయి చివరికి స్టాక్‌హోమ్ చేరాడు, అక్కడ కూర్చుని రష్యా ప్రభుత్వం ఎలా నడుస్తుందో మొత్తం ఒక పుస్తకంగా రాశాడు, 1667లో తాగిన గొడవలో అద్దెకున్న ఇంటి ఓనర్ని పొడిచి చంపితే అక్కడివాళ్ళు అతని తల తీయించారు. మనిషి ఎలాంటివాడైనా పుస్తకం మాత్రం బంగారం. అందులో ఏమంటాడంటే, మన రాయబారులు అక్కడ మాట్లాడింది ఒకటి, ఇక్కడ రిపోర్టులో రాసేది ఒకటి, తమ తెలివి చూపించుకోడానికీ, జార్ దగ్గర మెప్పూ జీతం పెంపూ కొట్టెయ్యడానికీ మాటలు అందంగా మార్చి రాస్తారు అని. అందుకే జార్ అలెక్సీ తన సొంత రహస్యాల ఆఫీసు గుమాస్తాల్ని రాయబారుల వెనక పంపేవాడట, వీళ్ళేం చేస్తున్నారో వాళ్ళొచ్చి చెప్పేవాళ్ళు. అంటే రాయబారి పరాయి రాజు మీద కన్నేస్తే, ఆ రాయబారి మీద గుమాస్తా కన్ను.

నేనూ ఈ తానులో ముక్కనే లెండి. లెక్చరర్‌గా ఉన్నప్పుడు ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే లైబ్రరీ రోజూ ఎనిమిది గంటలు తెరిచి ఉంచుతాం అని రిపోర్టు రాసింది నా చేత్తోనే, తాళంచెవి రెండేళ్ళుగా అటెండరు వాళ్ళ ఊళ్ళో ఉంది.

అయినా మొత్తం కొట్టిపారెయ్యడానికి లేదు. తమ ప్రతాపం రాసుకున్న చోట నమ్మకండి, ఏమీ తెలీక కళ్ళప్పగించి చూసిన చోట నమ్మండి, నేను పెట్టుకున్న లెక్క అది. 1660 ప్రాంతంలో వసీలీ లిఖచోవ్ ఫ్లోరెన్స్ వెళ్ళి జీవితంలో మొదటిసారి స్టేజీ నాటకం చూశాడు. దాన్ని ఏమనాలో పాపం ఆయనకి మాటల్లేవు. ఒక గది కనపడి కిందికి దిగిపోయింది, అలా ఆరుసార్లు మారింది, సముద్రం వచ్చి అలలు లేచాయి, అందులో చేపలు, చేపల మీద మనుషులు స్వారీ చేస్తున్నారు, పైన ఆకాశం, మబ్బుల మీద మనుషులు కూర్చున్నారు అని రాసుకొచ్చాడు. సురభి నాటకాలు మొదటిసారి చూసిన మా తాతయ్య కూడా ఇలాగే చెప్పేవాడు. ఇందులో అబద్ధం ఆడాల్సిన పని ఆయనకేముంది?

పనికొచ్చిన కబుర్లూ ఉన్నాయి. 1645లో గెరాసిమ్ దొఖ్తూరొవ్ అనే హర్కారాని కొత్త జార్ గద్దెనెక్కాడని చెప్పిరమ్మని ఇంగ్లండ్ పంపారు. వెళ్ళి చూస్తే అక్కడ రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం, రాజు చార్లెస్ లండన్లోనే లేడు. ఉత్తరం మాకివ్వు అని పార్లమెంటువాళ్ళు, రాజుకి తప్ప ఇవ్వనని ఈయన, నకాజ్ అంటే నకాజే కదా. ఉత్తరం ఇవ్వలేకపోయాడు గానీ రాజు ఎందుకు ఓడుతున్నాడు, ఎవరు ఎవరి పక్షం అనే కబురు మాత్రం మాస్కోకి మోసుకొచ్చాడు. 1649లో చార్లెస్ తల తీశారని తెలిసిన ఏడే, మీ రాజునే చంపుకున్నారు కదా అని జార్ ఇంగ్లీషు వ్యాపారుల్ని దేశం లోపల్నుంచి వెళ్ళగొట్టి అర్ఖాంగెల్స్క్ రేవుకి పరిమితం చేసేశాడు. రాజు మీద ప్రేమ కొంత, తమ వ్యాపారుల ఒత్తిడి కొంత.

ప్రశ్న (గుంటూరు అరండల్‌పేట): వాళ్ళు నిజంగా తాగేవాళ్ళు కాదా సార్?

జవాబు: తాగొద్దని ప్రతిసారీ రాసి ఇచ్చారంటేనే నీకు అర్థం కావాలి తమ్ముడూ. 1667-68లో స్పెయిన్ వెళ్ళిన ప్యోతర్ పొత్యోంకిన్ అయితే, ఇక్కడ ఆర్నెల్లున్నా రోడ్డు మీద తాగి పడిపోయినవాడు ఒక్కడు కనపళ్ళేదు అని వింతల్లో ఒక వింతగా రాశాడు.

ప్రశ్న (మంగళగిరి నుంచి ఒక పేపర్ ఏజెంటు): అప్పటికి యూరప్‌లో న్యూస్‌పేపర్లు ఉన్నాయి కదండీ, రాయబారులు ఎందుకు, పేపరు తెప్పించుకుంటే పోయేదిగా?

జవాబు: మీ వృత్తి వాసన మీకు బాగా తగిలింది! తెప్పించుకున్నారండీ. డచ్చి, జర్మన్ పేపర్లు సంపాదించి, కచేరీలో దుబాసీలు రష్యన్‌లోకి మార్చి, కాగితాలు ఒకదానికొకటి అంటించిన పొడుగాటి చుట్టల మీద రాసి, జార్‌కీ, బొయార్లు అనే దగ్గరి ప్రభువులకీ పైకి చదివి వినిపించేవాళ్ళు. వేస్తి-కురాంతి అని ఇప్పుడు పిలుస్తారు వాటిని, కురాంతి అన్నది డచ్చి పేపర్ల పేర్లలో ఉండే మాటే. ఊరందరికీ తెలిసిన వార్త మాస్కోలో మాత్రం స్టేట్ సీక్రెట్! మొదట్లో వ్యాపారులో రాయబారులో తెస్తే తెచ్చినట్టు, 1665లో రీగా మీదుగా రెగ్యులర్ టపా పెట్టాక వరసగా రావడం మొదలైంది. మామూలు జనం కొనుక్కునే అచ్చు పేపరు పీటర్ జార్ అయ్యాక 1703లో గానీ రాలేదు.

ప్రశ్న (విజయవాడ పటమట, ఇంటర్ అమ్మాయి): కోడ్ భాష వాడేవాళ్ళా తాతగారూ?

జవాబు: వాడేవాళ్ళు తల్లీ, కానీ నువ్వు నవ్వుతావు. మీరు చిన్నప్పుడు క భాష ఆడుకునేవాళ్ళు కదా, ప్రతి అక్షరం ముందు క పెట్టి, దానికంటే ఒక మెట్టు పైది. హల్లులు పది పైన వరసగా, మిగిలిన పది కింద తిరగేసి రాసుకుంటారు, పై దాని బదులు కిందది, కింద దాని బదులు పైది. అచ్చులు అలాగే ఉంటాయి. తెలివైనవాడు గంట కూర్చుంటే విప్పేస్తాడు. తర్వాత్తర్వాత సొంతంగా గుర్తులు కనిపెట్టి రాసుకోవడం కూడా నేర్చారు.

ప్రశ్న (తెనాలి): మీరు చెప్పేవన్నీ సరదాగానే ఉన్నాయి మాస్టారూ, ఆ పనిలో ప్రమాదం ఏమీ లేదా?

జవాబు: ప్యోతర్ తొల్‌స్తోయ్ సంగతి చెప్తా, సరదా దిగిపోద్ది. పీటర్ 1702లో ఇతన్ని ఇస్తాంబుల్లో పర్మనెంట్ రాయబారిగా కూర్చోబెట్టాడు, సుల్తాను ఎలాంటివాడు, ఎవరి మాట వింటాడు, ఖజానా ఎంత, నల్లసముద్రంలో ఓడలెన్ని అని పెద్ద ప్రశ్నల చిట్టా ఇచ్చి మరీ. జెరూసలేం మతగురువు దొసిథియోస్ లాంటి వాళ్ళు లోపలి కబుర్లు అందించేవాళ్ళు, తొల్‌స్తోయ్ ఒక్కో ప్రశ్నకీ విడివిడిగా జవాబు రాసి పంపాడు. మధ్యలో తన గుమాస్తాల్లో తిమొఫేయ్ అనేవాడు ముస్లింగా మారిపోవాలని చూస్తున్నాడని తెలిసింది. వాడు అటు వెళ్తే కబుర్లిచ్చే మనుషుల పేర్లన్నీ వెళ్తాయి. రాత్రి గదిలో పెట్టి తాళం వేశాడు, ఒక గ్లాసు వైన్ ఇచ్చాడు, తెల్లారేసరికి తిమొఫేయ్ లేడు. ఈ మాట తనే మాస్కోకి ఉత్తరంలో రాశాడు. 1710లో యుద్ధం వచ్చినప్పుడు సుల్తాను ఈయన్నే తీసుకెళ్ళి ఏడు బురుజుల కోటలో పడేశాడు.

ప్రశ్న (విజయవాడ వన్‌టౌన్): మన దేశం దాకా ఎవరూ రాలేదా?

జవాబు: ప్రయత్నం చేశారండీ. 1646లో జార్ పంపిన ఇద్దరు పర్షియా దాటలేకపోయారు. 1675లో ముహమ్మద్ యూసుఫ్ కాసిమొవ్‌ని పంపితే బుఖారా మీదుగా కాబూల్ దాకా వచ్చాడు, ఔరంగజేబు మాత్రం రానివ్వలేదు, ఇంత దూరపు దేశంతో మాకు పనేంటి అన్నట్టు వెనక్కి తిప్పేశాడు. సరిగ్గా అప్పుడే ఇక్కడ గోల్కొండలో మాదన్న, అక్కన్న పెత్తనం నడుస్తోంది, మన బెజవాడ కనకదుర్గ కొండ కింద గుహలకి ఆ ఇద్దరి పేర్లే కదా, గుహలు వాళ్ళకంటే ఎప్పటివో అయినా. కాసిమొవ్ ఖాళీ చేతుల్తో వెళ్ళలేదు, దారులు ఎటునుంచి ఎటు, ఏ ఊరికి ఎన్ని రోజులు అన్నీ రాయించి పట్టుకెళ్ళాడు. ఆ తర్వాత 1695లో బయల్దేరిన సెమ్యోన్ మాలెన్‌కీ అనే వ్యాపారి సూరత్‌లో దిగి ఆగ్రా, ఢిల్లీ చూసి ఔరంగజేబుని కూడా కలిశాడు. చూసిందంతా మాస్కోలో చెప్పాల్సినవాడు, తిరుగు ప్రయాణంలో షమాఖీ దగ్గర జబ్బుచేసి పోయాడు.